మందుకు లొంగని కేన్సర్‌కి లెక్క కట్టండి, అంకెలు మేమిస్తాం: గోదావరి డెల్టా నుంచి బహిరంగ లేఖ

రాష్ట్రంలో కేన్సర్ వైద్యం వ్యవహారాలు చూసే అధికారులకు, మా ఊళ్ల పేషెంట్లను రోజూ చూసే డాక్టర్లకు, ఐఐటీల్లో, యూనివర్సిటీల్లో లెక్కలూ కంప్యూటర్లూ తెలిసిన మన మాస్టార్లకు,

నమస్కారం. మీలో చాలామంది కష్టపడి పనిచేస్తారని తెలుసు. ఆ మాట ఒకసారి చెప్పేసి విషయంలోకి వస్తున్నాను. మా పేషెంట్ల మందుల, టెస్టుల అంకెలు ఒకచోట చేర్చి, మందు ఎప్పుడివ్వాలో ఎప్పుడు ఆపాలో లెక్కకట్టి చెప్పే కంప్యూటర్ మోడల్ తయారుచేయండన్నదే మా విన్నపం. ఇదంతా ఇంతకుముందే అర్జీగా ఇచ్చాం. ఊరివాళ్లం కొందరం సంతకాలు పెట్టి, రిపోర్టుల జిరాక్సులు కుట్టి మరీ ఇచ్చాం. కొన్నాళ్లకి ఫోనుకి మెసేజ్ వచ్చింది, "మీ అర్జీ పరిష్కరించబడింది" అని. ఎవరు పరిష్కరించారో, ఏం పరిష్కరించారో ఇప్పటికీ తెలీదు. అందుకే ఈసారి అందరికీ కనిపించేలా రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. కోనసీమలో ఎరువులు, పురుగుమందుల షాపు నడుపుకుంటాను. పురుగుమందులు అమ్మేవాడికి కేన్సర్ మీద మాట్లాడే హక్కేంటని కొందరికి కోపం రావచ్చు, రానివ్వండి. కానీ మందుకి లొంగకపోవడం అంటే ఏమిటో కళ్లారా చూసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. వరికి దోమపోటు వస్తే ఒకప్పుడు ఇమిడాక్లోప్రిడ్ ఒక్కసారి కొడితే సరిపోయేది. 2005 ప్రాంతం నుంచి ఆసియా దేశాల్లో సుడిదోమ ఆ మందుని తట్టుకోవడం మొదలెట్టింది. రైతు ఏం చేశాడు? డోసు పెంచాడు, రెండు మందులు కలిపాడు, వారం తిరక్కుండా మళ్లీ కొట్టాడు. చచ్చే దోమ చచ్చింది, చావని దోమకి చేనంతా ఖాళీగా దొరికింది. మార్టేరు పరిశోధన స్థానం వాళ్లు చెప్పేది వేరు: దుబ్బు తట్టి దోమని లెక్కపెట్టండి, లెక్క దాటితేనే కొట్టండి, రెండు మీటర్లకో కాలిబాట తీయండి, ఒకే మందు మళ్లీ మళ్లీ వాడొద్దు, సాలీళ్లని బతకనివ్వండి. దోమని పూర్తిగా తుడిచిపెట్టాలని పంతం పట్టినవాడే ఎక్కువ నష్టపోయాడు, ఇది నా ఖాతా పుస్తకంలో బాకీలు చూసినా తెలిసిపోతుంది.

ఈ గోల కేన్సర్ లేఖలో ఎందుకంటే, అమెరికాలో టాంపా ఊళ్లో ఉన్న మోఫిట్ కేన్సర్ సెంటర్ డాక్టరు రాబర్ట్ గేటెన్‌బీ 2009లో నేచర్ పత్రికలో రాసిన వ్యాసంలో ఉదాహరణగా తీసుకున్నది కూడా పురుగునే. క్యాబేజీని తినేసే డైమండ్ బ్యాక్ పురుగు ఏ మందు కొట్టినా కొన్నాళ్లకి తట్టుకుంటుంది. కేన్సర్ కణాలూ అదే చేస్తున్నాయి కదా, మరి మనమెందుకు ఇంకా మొత్తం చంపేయాలనే లెక్కలోనే మందిస్తున్నాం అన్నది ఆయన ప్రశ్న.

ఈ ప్రశ్న మా ఇంట్లోకి పెదనాన్న రూపంలో వచ్చింది. ప్రొస్టేట్ కేన్సర్, ఎముకలకి పాకాక బయటపడింది. ఇంజెక్షన్లు వేశారు, పీఎస్ఏ (ఈ కేన్సర్ జోరు ఎంతుందో చూపే రక్తపరీక్ష అంకె) బాగా దిగింది, "ఆయ్, తగ్గిపోయిందండీ" అని ఊరంతా చెప్పుకున్నాడు. తర్వాత మెల్లగా ఎక్కడం మొదలైంది. ఒంట్లో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ తయారవకుండా ఆపే అబిరాటిరోన్ మాత్రలు రాశారు. మళ్లీ అదే కథ, మొదట దిగడం, కొన్ని నెలలకి ఎక్కడం. డాక్టరుగారు అన్నది ఒకటే మాట: "మందు పనిచేయడం మానేసిందండి, ఇంకోటి చూద్దాం." ఆయన్ని తప్పుపట్టడం లేదు, ఆయన చేతిలో ఉన్న పద్ధతి అదే. పెదనాన్నది కొబ్బరి తోట. దింపుల పుస్తకంలో కాయల లెక్క రాసుకునే పేజీల్లోనే ప్రతి టెస్టు తేదీ, పీఎస్ఏ అంకె, ఆ నెల మాత్రలు వేసుకున్నదీ మానేసిందీ రాసుకునేవాడు. 118, 6, 2.1, 2.4, 5, 13, 40. పక్కనే "1,140 కాయలు, దింపు కూలి ఇచ్చేశాను". కంప్యూటర్ మోడల్‌కి కావలసిన ముడిసరుకు ఇదేనండి, ఇంతకంటే పెద్ద బ్రహ్మవిద్య ఏం లేదు. కానీ ఆ అంకెలు ఆ క్రమంలో, ఒకచోట, ఏ ఆస్పత్రి కంప్యూటర్లోనూ లేవు. మూడు ల్యాబుల్లో, మూడు పేర్ల స్పెల్లింగులతో పడి ఉన్నాయి.

అసలు లొంగకపోవడం ఎలా వస్తుందో నాకు అర్థమైనంతలో రాస్తాను, తప్పుంటే డాక్టర్లు దిద్దండి. గోళీకాయంత గడ్డలోనే పది కోట్ల నుంచి వంద కోట్ల దాకా కణాలుంటాయి. అన్నీ ఒక్కలాగా ఉండవు. మందు లోపలికి వెళ్లకముందే దాన్ని తట్టుకునే మొండి కణాలు కొన్ని పుట్టి ఉంటాయి. సూక్ష్మజీవుల్లో ఈ సంగతిని 1943లో లూరియా, డెల్‌బ్రుక్ లెక్కకట్టి నిరూపించారు. కేన్సర్‌కి ఆ లెక్కని 1979లో కెనడాలో గోల్డీ, కోల్డ్‌మాన్ తెచ్చారు. కొన్ని మొండి కణాలు లోపలికొచ్చిన మందుని బయటికి తోడేస్తాయి, ఆ పని చేసే పీ-గ్లైకోప్రొటీన్ సంగతి 1976 నుంచీ తెలుసు. కొన్ని ఆకారం మార్చుకుంటాయి. ఊపిరితిత్తుల కేన్సర్లో ఈజీఎఫ్ఆర్ ప్రొటీన్‌లో 790వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే జెఫిటినిబ్ మాత్రకి పట్టు దొరకదు. దానికోసం ఓసిమెర్టినిబ్ తెచ్చారు, 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. 797వ స్థానం మార్చుకుని కేన్సర్ దాన్నీ తప్పించుకుంటోంది. ఇలా ఎన్నాళ్లు? కొత్త మందు వచ్చేలోపు పాత మందు ఎక్కువకాలం పనిచేసేలా చూడటం ఒక మార్గం, కంప్యూటర్ మోడల్ పనికొచ్చేది ముఖ్యంగా అక్కడే.

గేటెన్‌బీ బృందం చేసిన పని చూడండి. ప్రొస్టేట్ కేన్సర్ కణాలని మూడు రకాలుగా విడదీశారు: ఒంట్లో తిరిగే టెస్టోస్టిరాన్ కావలసినవి, తమకి కావలసింది తామే తయారుచేసుకునేవి, అసలది అక్కర్లేనివి. మూడూ ఒకే చోటు కోసం, ఒకే తిండి కోసం కొట్టుకుంటాయి. ఈ పోటీకి వాడిన సమీకరణాలు కొత్తవేం కావు, జంతువుల, చేపల సంఖ్యలు ఎలా పెరుగుతాయో తరుగుతాయో చెప్పడానికి 1920ల్లో లోట్కా, వోల్టెరా రాసినవి. మూడో రకం మీద అబిరాటిరోన్ పనిచేయదు. మందు ఆపకుండా ఇస్తే మొదటి రెండు రకాలూ పోతాయి, మూడోదానికి ఎదురుండదు. అందుకని పీఎస్ఏ సగానికి పడిపోగానే మందు ఆపేశారు, మళ్లీ మొదటి అంకెకి చేరాక మొదలెట్టారు. ఆపిన కాలంలో లొంగే కణాలు పెరిగి మొండివాటిని అణిచి ఉంచుతాయన్నది మోడల్ చెప్పిన మాట. 2022లో ఈలైఫ్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఈ పద్ధతిలో 17 మంది, మామూలు పద్ధతిలో 16 మంది. జబ్బు ముదిరేదాకా పట్టిన మధ్యస్థ కాలం 33.5 నెలలు, అటువైపు 14.3. బతికిన కాలం 58.5 నెలలు, అటువైపు 31.3. పైగా వాడిన మందు తక్కువ.

చిన్న ట్రయల్ అది, తెలుసు. చీట్లు వేసి రెండు గుంపులుగా విడదీసిన పరీక్ష కూడా కాదు. దీన్ని పట్టుకుని రేపట్నుంచి అందరికీ మందు సగం ఆపేయండని నేను అడగడం లేదు. ఈ లేఖ చదివే పేషెంట్లకీ ఒక మాట: దయచేసి ఎవరూ సొంతంగా మాత్రలు ఆపొద్దు. ఏ కణం ఎంత ఉందో తెలీకుండా ఆపితే జబ్బు ఎగబడుతుంది, వాట్సాప్‌లో "మందు ఆపితేనే మంచిదట" అని ఈ లేఖని ముక్కలు చేసి పంపేవాళ్లకి నా తిట్లు ముందే పంపుతున్నాను. తక్కువ మందే ఎప్పుడూ మంచిదనడం కూడా తప్పు. నార్టన్, సైమన్ అనే పరిశోధకులు వేసిన లెక్కల ఆధారంగానే రొమ్ము కేన్సర్లో అవే మందులు మూడు వారాలకోసారి బదులు రెండు వారాలకోసారి ఇచ్చి చూశారు, 2003లో వచ్చిన ఫలితాల్లో దగ్గర దగ్గరగా ఇచ్చినవాళ్లే ఎక్కువమంది బతికారు. 2013లో బోజిచ్, నోవాక్, వోగెల్‌స్టీన్ తదితరుల మోడల్, కేన్సర్ కణంలో ఒక్కో చోటుని గురిచూసి కొట్టే టార్గెటెడ్ మందులు రెండు ఒకదాని తర్వాత ఒకటి ఇస్తే నయమయ్యే ఆశ దాదాపు ఉండదనీ, రెండిటినీ ఒకే మార్పుతో తప్పించుకునే దారి లేనప్పుడు కలిపి ఒకేసారి ఇస్తే ఆశ ఉంటుందనీ తేల్చింది. అంటే ఒక కేన్సర్‌కి ఆపి ఇవ్వాలి, ఇంకోదానికి దగ్గర దగ్గరగా ఇవ్వాలి, మరోదానికి కలిపి ఇవ్వాలి. ఏది ఎవరికో నోటి లెక్కతో తేలదు. అందుకే మోడల్ కావాలంటున్నాను.

మన దేశంలో ఇలా ఆలోచించేవాళ్లు లేరా? ఉన్నారు. ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రి డాక్టర్లు 2020లో తల, మెడ కేన్సర్లకి మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్ అనే చవక మాత్రలు సిస్‌ప్లాటిన్ ఇంజెక్షన్ కంటే మెరుగని చూపించారు, బతికిన మధ్యస్థ కాలం మాత్రలతో 7.5 నెలలు, ఇంజెక్షన్‌తో 6.1. 2022లో, ఒంటి రోగనిరోధక శక్తిని కేన్సర్ మీదికి ఉసిగొల్పే నివోలుమాబ్ ఇంజెక్షన్‌ని మామూలు డోసులో పదోవంతు కూడా లేకుండా, మూడు వారాలకి 20 మిల్లీగ్రాములు, చవక మాత్రలకి జతచేసి ఇస్తే ఏడాది తర్వాత బతికున్నవాళ్లు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. అది కంప్యూటర్ మోడల్ పని కాదు, నిజమే, కానీ "ఎంత మందు నిజంగా కావాలి" అని ధైర్యంగా అడగడం అంటే అదే. లంక పొగాకు చుట్టలు కాల్చే, ఖైనీ, గుట్కా నమిలే మా ప్రాంతానికి నోటి కేన్సర్ మీద వచ్చిన ఆ ఫలితం చిన్నది కాదు. బెంగళూరు ఐఐఎస్‌సీలో మోహిత్ కుమార్ జాలీ బృందం కేన్సర్ కణాలు రూపం మార్చుకుని మందు తప్పించుకోవడం మీదే మోడళ్లు కడుతోంది. హైదరాబాద్ ఐఐటీలో పరమ్ సేవా సూపర్ కంప్యూటర్ ఉంది. 2024 మార్చిలో ఇండియా ఏఐ మిషన్‌కి కేంద్రం పదివేల కోట్ల పైనే మంజూరు చేసింది. నిజానికి లోట్కా, వోల్టెరా సమీకరణాలకి సూపర్ కంప్యూటర్ కూడా దండగ, మా అబ్బాయి బీటెక్‌కి కొన్న లాప్‌టాప్ చాలు. బుర్రలున్నాయి, మెషీన్లున్నాయి. లేనిది మా అంకెలు మీ దగ్గర, అంతే.

ఇలా ఉండటం వల్ల మామూలు మనుషులకి జరుగుతున్నది ఇది:

1. మొదటి మందు మొరాయిస్తే దాని తర్వాత రాసేది చాలాసార్లు ఇంకా ఖరీదు. ప్రభుత్వ పథకంలో కొంత వస్తుంది, కొంత రాదు. స్కానింగులు, ప్రయాణం, తోడు వచ్చేవాడి కూలి ఎక్కడా రాదు. మా వీధిలోనే ఒకావిడ మందులు కువైట్లో ఇంటిపని చేస్తున్న కూతురి జీతం మీద నడుస్తున్నాయి. ఇంకొకాయన ముందు చెవులవి, మెడలోవి తాకట్టు పెట్టి, తర్వాత ఇంటి పక్క సెంట్లు అమ్మి, ఆఖరికి కౌలుకి చేసుకుంటున్న చేను కూడా వదులుకున్నాడు. మందు ఇంకో ఏడాది పనిచేసి ఉంటే ఆ సెంట్లు ఉండేవి. ఆరోగ్యశ్రీ కాలం నుంచీ మీరు బిల్లులు కడుతున్నారు కాబట్టి ఇది మీ ఖజానా లెక్క కూడా.

2. అవసరం లేని నెలల్లో కూడా ఒంట్లోకి మందు వెళ్తూనే ఉంటుంది. అబిరాటిరోన్‌తో పాటు స్టెరాయిడ్ మాత్ర వేసుకోవాలి, బీపీ పెరగొచ్చు, పొటాషియం పడిపోవచ్చు. షుగరున్నవాళ్లకి ఆ స్టెరాయిడ్‌తో షుగరు టెన్షన్ వేరే.

3. దూరం. విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉంది, మంచిదే. అంతర్వేది నుంచో, ఓడలరేవు నుంచో అక్కడికి వెళ్లిరావడం అంటే ఏంటో ఒకసారి బస్సెక్కి చూడండి. కోటిపల్లి–నరసాపురం రైలు లైను ఎప్పుడు పూర్తవుతుందో ఆ గోదావరికే తెలియాలి. అంతదూరం వెళ్లలేక దగ్గర్లో దొరికిన ల్యాబులో టెస్టు, దొరికిన చోట వైద్యం. ల్యాబు వాడే టెస్టు కిట్ మారితే పీఎస్ఏ అంకె కూడా కొంత మారుతుంది, దాంతో అంకె పెరిగింది జబ్బు వల్లా, ల్యాబు వల్లా అన్నది తేలదు.

4. మందు పనిచేయడం మానేసింది అనే మాట వినగానే మనిషి నాటువైద్యం వైపు తిరుగుతాడు. "ఇంగ్లీషు మందు పట్టలేదండి" అంటారు. పట్టింది, కొన్నాళ్లు పట్టింది, తర్వాత కేన్సర్ మారింది, మారుతుందని ముందే తెలుసు, అయినా ఎవరూ ముందే చెప్పలేదు. ఆ ఒక్క వివరణ లేక వేలకి వేలు పసరులకి పోస్తున్నారు.

2025 మార్చిలో తూర్పుగోదావరి జిల్లా బలభద్రపురంలో కేన్సర్ కేసులు ఎక్కువున్నాయన్న మాట అసెంబ్లీ దాకా వెళ్లింది, వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగాయి. ఎంతమందికి వచ్చిందో లెక్కపెట్టడం మొదటి మెట్టు. వచ్చినవాళ్లకి ఏ మందు ఇచ్చారు, ఎన్ని నెలలు పనిచేసింది, ఎప్పుడు మొరాయించింది, తర్వాత ఏమిచ్చారు, ఈ లెక్క రెండోది. మోడల్‌కి ఈ రెండోదే కావాలి.

ఇంకో సంగతి మొహమాటం లేకుండా. మందు ఆపి ఇచ్చే పద్ధతి మీద పెద్ద ట్రయల్ చేయడానికి ఏ కంపెనీ ఎందుకు డబ్బు పెడుతుంది? అమ్మకం తగ్గుతుంది కదా. నేనూ షాపువాణ్ణే, నాకు తెలుసు. లాభపడేది పేషెంటూ, బిల్లు కట్టే ప్రభుత్వమూ. కాబట్టి ఖర్చు పెట్టాల్సింది మీరే. మేము అడుగుతున్నవి:

1. ప్రభుత్వ పథకంలో వైద్యం పొందే ప్రతి కేన్సర్ పేషెంటుకీ మందు పేరు, డోసు, ఇచ్చిన తేదీ, ఆపిన తేదీ, టెస్టు అంకెలు, స్కాన్‌లో గడ్డ కొలత వరసగా ఒకేచోట నమోదు కావాలి. క్లెయిమ్ కోసం ఇవన్నీ ఎలాగూ అప్‌లోడ్ చేస్తున్నారు, ఫొటో తీసిన కాగితాల రూపంలో. ఆ ఫొటోల్ని అంకెలుగా మార్చండి. పేషెంటు ఒప్పుకుంటేనే, పేరు తీసేసి, 2023 డేటా రక్షణ చట్టానికి లోబడి పరిశోధకులకి ఇవ్వండి. అడిగితే మేం ఒప్పుకోమని మీరు అనుకుంటున్నారేమో. అడిగి చూడండి.

2. ఒక పేషెంటు పీఎస్ఏ మొదటి నుంచి చివరిదాకా ఒకే రకం కిట్ మీద జరగాలి. శాంపిల్ మా దగ్గర తీసి మీరు పంపుకోండి, మనిషిని తిప్పొద్దు.

3. డెల్టా జిల్లాల పేషెంట్లతో ప్రొస్టేట్ కేన్సర్ మీద సరైన ట్రయల్ పెట్టండి. ఎథిక్స్ కమిటీ అనుమతితో, దేశంలో జరిగే ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో నమోదుచేసి, చీట్లు వేసి రెండు గుంపులు చేసి, ఓడిపోయినా ఫలితం బయటపెట్టే షరతుతో. అబిరాటిరోన్ జెనరిక్ మన దేశంలోనే తయారవుతోంది, పీఎస్ఏ టెస్టు చిన్న టౌన్లో కూడా అవుతుంది. ఇంతకంటే తేలిగ్గా మొదలెట్టగల కేన్సర్ ఇంకోటి నాకు కనిపించడం లేదు.

4. ప్రభుత్వ పథకం ప్యాకేజీలు సైకిల్ లెక్కన, అంటే మందిచ్చిన విడతకింత అని ఉన్నాయి. మందిస్తే ఆస్పత్రికి డబ్బు. ట్రయల్‌లో మందు ఆపి, నెలనెలా గమనిస్తూ ఉంటే? దానికీ ఒక ప్యాకేజీ పెట్టండి, లేకపోతే ఏ ఆస్పత్రీ ఈ పని ఎత్తుకోదు.

5. ఎవరికి ఏ వైద్యమో డాక్టర్లు కలిసి కూర్చుని తేల్చే ట్యూమర్ బోర్డులో ఒక కుర్చీ లెక్కల మనిషికి వేయండి. మాస్టార్లూ, మీకు కూడా: పేపర్ అచ్చయ్యాక ఆగిపోకండి, ఒకసారి మా వైపు వచ్చి ఓపీ బయట క్యూలో కూర్చోండి.

6. వైద్యం మొదలుపెట్టిన రోజే పేషెంటుకి తెలుగులో, అరపేజీలో రాసివ్వండి: ఈ మందు కొన్నాళ్లకి పనిచేయడం తగ్గొచ్చు, ఎందుకు తగ్గుతుంది, అప్పుడు ఏం చేస్తాం, ఈలోపు ఏ టెస్టు ఎన్నాళ్లకోసారి చేయించుకోవాలి. దీనికి బడ్జెట్ కూడా అక్కర్లేదు, రేపే చేయొచ్చు.

మెసేజ్ వద్దు. సంతకం ఉన్న కాగితం మీద, పై ఆరింటిలో ఏది చేస్తారో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో సమాధానం ఇవ్వండి. చేయలేమని రాసినా పర్లేదు, కారణం సరైనదైతే ఒప్పుకుంటాం, కాకపోతే మళ్లీ రాస్తాం. ఈలోపు మా ఊళ్లో ఒప్పుకున్న కుటుంబాల రిపోర్టులు తేదీలవారీగా ఒక పుస్తకంలోకి ఎక్కిస్తున్నాం, పెదనాన్న అంకెలతో మొదలెట్టాం. ఎవరిని పంపినా, ఆ కుటుంబాలని అడిగి చూపిస్తాం.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక పురుగుమందుల షాపువాడు, అర్జీ మీద సంతకాలు పెట్టిన ఊరివాళ్ల తరఫున